మాగిన బీరులో మెంతుల వాసన

(ఇంగ్లండులోని రెడింగ్ పట్టణంలో తెలుగు మిత్రులు నెలకొకసారి కలుసుకునే సమావేశంలో చేసిన ప్రసంగం. ఆ సాయంత్రం రాలేకపోయినవారు చదువుకోవడానికి రికార్డింగు విని రాసిన పాఠమిది. తడబాట్లను మాత్రమే తీసివేశాము.)

సభకు నమస్కారం. పిల్లలను పక్క గదిలో క్యారమ్ బోర్డు దగ్గర కూర్చోబెట్టి వచ్చిన తల్లిదండ్రులకు ముందుగా కృతజ్ఞతలు. ఈనాటి విషయం వారిది కాదు. మద్యం ముట్టని పెద్దలు కొందరు ముందు వరుసలోనే కూర్చున్నారు, చూస్తున్నాను. వారికి ఒక మాట చెబుతాను. ఈ ప్రసంగంలో తాగడం గురించి ఉన్నది చాలా తక్కువ, వాసన చూడడం గురించి ఉన్నది చాలా ఎక్కువ. ముక్కు ఉంటే చాలు.

బల్ల మీద రెండు సీసాలు పెట్టాను. వెనక ఉన్నవారికి కనిపించకపోవచ్చు, పైకెత్తి చూపిస్తాను. పిడికిట్లో ఇమిడిపోయే ఈ చిన్న సీసా ఖాళీది. దీని మీద 1996 అని ముద్రించి ఉంది. 2021 డిసెంబరులో మరి ముగ్గురు మిత్రులతో కలిసి దీనిని తెరిచాను, అంటే తయారైన పాతికేళ్లకు. రెండవది నిండు సీసా. దాని సంగతి చివర చూద్దాము. వీటితో పాటు ఒక పళ్లెం మీ మధ్యకు పంపుతున్నాను. అందులో నాలుగు గిన్నెలున్నాయి. ఒకదానిలో మూడేళ్లనాటి చింతపండు, ఒకదానిలో పొడి చేసిన మెంతులు, ఒకదానిలో భద్రాచలం వైపు నుంచి ఒక మిత్రుడు తెచ్చిపెట్టిన ఎండు ఇప్పపూలు, నాలుగవదానిలో నీళ్లలో తడిపిన అట్టముక్క. తొందర లేదు, ఒక్కొక్కటి ముక్కు దగ్గర పెట్టుకుని పక్కవారికి అందించండి. అట్టముక్క ఎందుకని ఇప్పుడే అడగకండి.

అసలు బీరును పాతికేళ్లు దాచడమేమిటి? ఈ ప్రశ్న మీకు కలగకపోతే నాకు ఆశ్చర్యం. మనకు తెలిసిన బీరు సీసా మీద తయారైన తేదీ ఉంటుంది, ఇన్ని నెలలలోగా వాడండి అని కూడా ఉంటుంది. అంతకన్నా ముందు మనకు తెలిసినది తాటికల్లు. పొద్దున దించినప్పుడు తీయగా ఉంటుంది, మధ్యాహ్నానికి పులుపెక్కుతుంది, మర్నాటికి ఎవరికీ పనికిరాదు. కల్లుకు గడియారం ఉంది గాని క్యాలెండరు లేదు. అటువంటి చోటి నుంచి వచ్చిన మనకు, పులియబెట్టిన ధాన్యపు రసాన్ని బిడ్డ పుట్టిననాడు దాచి, ఆ బిడ్డ పెళ్లీడుకు వచ్చినప్పుడు తెరుస్తారంటే నమ్మబుద్ధి కాదు. కాని ఇంగ్లండులో ధనవంతుల ఇళ్లలో సరిగ్గా ఆ ఆచారమే ఉండేది. వారసుడు పుడితే గట్టి బీరు కాచి నేలమాళిగలో దాచేవారు, అతనికి 21 ఏళ్లు నిండిన రోజున పీపా తెరిచేవారు.

నేలమాళిగ అన్నాను. సెల్లార్ అంటే హైదరాబాదు నుంచి వచ్చినవారికి అపార్ట్‌మెంటు కింద కార్లు నిలిపే చోటు, గట్టి వాన కురిస్తే నీళ్లు నిండే చోటు గుర్తుకు వస్తుంది. ఇక్కడ చెబుతున్నది పాత ఇళ్ల కింద, పబ్బుల కింద తవ్విన గది. ఎండాకాలమైనా, మంచు కురిసినా అక్కడి వేడి 12, 13 డిగ్రీల దగ్గర పెద్దగా కదలకుండా ఉంటుంది. వెలుతురు సోకదు. మన పల్లెల్లో జొన్నలను పాతర వేసేవారు కదా, ఆ పాతరకు మెట్లు కట్టి తలుపు పెట్టినట్లు ఊహించుకోండి.

ఇక ఈ 1996 సీసా కథ. దీని పేరు థామస్ హార్డీస్ ఏల్. ఇంగ్లండు నైరుతి మూలన డోర్సెట్ అనే ప్రాంతం ఉంది, దాని ముఖ్యపట్టణం డోర్చెస్టర్. నవలాకారుడు థామస్ హార్డీ ఆ పట్టణానికి కాస్టర్‌బ్రిడ్జ్ అని మారుపేరు పెట్టి కథలు రాశాడు. 1880లో వెలువడిన ది ట్రంపెట్ మేజర్ అనే నవలలో ఆ ఊరి గట్టి బీరును వర్ణించడానికి ఆయన ఒక పొడవైన వాక్యం ఖర్చు పెట్టాడు. దాని రంగును శరత్కాలపు సూర్యాస్తమయంతో పోల్చి, ఇన్ని గుణాలు చెప్పి, చివరకు కాస్త తలకెక్కుతుంది సుమా అని ముగిస్తాడు. ఆయన 1928లో చనిపోయాడు. ఆ తరువాత 40 ఏళ్లకు, 1968లో, డోర్చెస్టర్‌లోనే ఉన్న ఎల్డ్రిడ్జ్ పోప్ అనే బీరు కర్మాగారం ఆయన స్మారకంగా, ఆ వాక్యాన్ని అందుకునే బీరు చేయాలని పూనుకుంది. సుమారు 12 శాతం ఆల్కహాలు ఉన్న ఏల్ అది. ఏల్ అంటే లాగర్ కన్నా, అంటే మనకు అలవాటైన లేత రంగు బీరు కన్నా, వెచ్చని చోట పులియబెట్టే బీరు, ఇంతకన్నా వివరం ఇప్పుడు అక్కరలేదు. సీసాల మీద సంవత్సరం వేశారు. సరిగా దాచుకుంటే పాతికేళ్ల దాకా బాగుపడుతూనే ఉంటుందని మాట కూడా ఇచ్చారు.

1999 తరువాత ఎల్డ్రిడ్జ్ పోప్ దానిని మానివేసింది. 2003లో డెవన్ ప్రాంతానికి చెందిన ఓహాన్లన్స్ అనే కర్మాగారం మళ్లీ మొదలుపెట్టింది, అదీ కొన్నేళ్లే. ఆ పైన ఆ పేరు ఇటలీవారి చేతికి వెళ్లింది. కనుక డోర్చెస్టర్‌లో తయారైన సీసాలు లోకంలో ఎన్ని మిగిలాయో అన్నే, తెరిచిన ప్రతిసారీ ఒకటి తగ్గుతుంది. నేను కూడా ఒకటి తగ్గించాను. ఇదిగో సాక్ష్యం.

అన్ని బీర్లనూ ఇలా దాచవచ్చా? దాచకూడదు. సూపర్‌మార్కెట్‌లో నాలుగు డబ్బాలు కట్టగట్టి అమ్మే లాగర్‌ను దాచితే మిగిలేది చెత్తబుట్టకు పని. దాచదగ్గ బీరుకు ఆల్కహాలు ఎక్కువ ఉండాలి, ఎనిమిది తొమ్మిది శాతానికి తగ్గితే నేను సాధారణంగా సాహసించను. మాల్ట్, అంటే మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ, పుష్కలంగా పడాలి. హాప్స్ పూల చేదు కొత్తలో నోరు ముడుచుకునేంత ఉండాలి, ఎందుకంటే ఆ చేదు కాలంతో కరుగుతుంది. అన్నిటికన్నా మేలైన గుణం, సీసాలో బతికున్న ఈస్ట్, అంటే బీరును పులియబెట్టే సూక్ష్మజీవి, ఉండడం. మూత వేసేటప్పుడు సీసాలో చిక్కుకున్న ఆక్సిజన్‌ను ముందుగా ఆ ఈస్ట్ తినివేస్తుంది. కాపలావాడన్నమాట. కొన్నేళ్లకు ఆ కాపలావాడు కూడా చనిపోతాడు. అప్పుడు జరిగేది వేరే కథ, దానికి వస్తాను.

మన భాషలో దీనికి ఏ మాట వాడాలని చాలాకాలం తర్జనభర్జన పడ్డాను. పులియడం అనకూడదు, ఎందుకంటే ఆ పని మొదటి వారాలలోనే దాదాపు అయిపోతుంది. ఊరడం అనవచ్చా? ఊరడానికి ఉప్పో, నూనో, పాకమో, పక్కన మరొక వస్తువు కావాలి. ఆవకాయ ముక్క కారంలో ఊరుతుంది. బీరు తనలో తానే మారుతుంది. చెడడం అనడానికి మనసొప్పదు. చివరకు మాగడం అన్న మాట దగ్గర ఆగాను. గడ్డిలో పెట్టిన మామిడికాయ మాగుతుంది. దానికి ఎవరూ ఏమీ కలపరు, తగిన చోటు ఇచ్చి వదిలివేస్తారు. ఈ మాట గుర్తు పెట్టుకోండి, అటక దగ్గర మళ్లీ అవసరమవుతుంది.

సీసా తెరిచిన సాయంత్రం

ఆ డిసెంబరు సాయంత్రానికి రెండు రోజుల ముందే సీసాను నిలబెట్టి ఉంచాను. నిజానికి అది ఎప్పుడూ నిలబడే ఉండాలి. ద్రాక్షసారాను పడుకోబెడతారు, బిరడా ఎండిపోకూడదని. దీనికి బిరడా లేదు, రేకు మూత. పడుకోబెడితే అడుగున చేరవలసిన మడ్డి పక్కకు అంటుకుని, వంచినప్పుడు అంతా కలిసిపోతుంది. ఫ్రిజ్‌లో పెట్టలేదు. చల్లదనం వాసనను కట్టివేస్తుంది, నాలుకను మొద్దుబరుస్తుంది. పాత బీరును మంచులో ముంచి తాగడం, చెవుల్లో దూది పెట్టుకుని కచేరీకి వెళ్లడం, రెండూ ఒకటే. 13 డిగ్రీలు, అంటే నేలమాళిగ ఉన్న తీరుగానే, బల్ల మీదికి తెచ్చాను.

మూత తీసినప్పుడు చప్పుడు వస్తుందని ఎదురుచూశాము. వచ్చింది, కాని ఒక నిట్టూర్పంత. గ్లాసులు చిన్నవి, అడుగున వెడల్పుగా, పైన ముడుచుకున్న బ్రాందీ గ్లాసులు. సీసాను ఒక్కసారే వంచి, మళ్లీ నిలబెట్టకుండా, నాలుగు గ్లాసుల్లో వరుసగా తేటను పోశాను. మడ్డి మెడ దగ్గరకు వచ్చిందనగా ఆపాను. మన ఇళ్లలో మజ్జిగ తేట తీసిన చెయ్యి ఉన్నవారికి ఇది ఎవరూ నేర్పనక్కరలేదు. తలా నాలుగు చెంచాలకన్నా ఎక్కువ రాలేదు. నురగ? లేదు. గ్లాసు అంచు చుట్టూ సన్నని దారంలా ఒక వలయం కనబడి, చూస్తుండగానే పోయింది.

నురగ ఎందుకు లేదు? ఇందాక చెప్పిన కాపలావాడు గుర్తున్నాడు కదా. ఈస్ట్ కణాలు చనిపోయి పగిలినప్పుడు వాటి లోపలి నుంచి ప్రోటీనేజ్ ఏ అనే ఎంజైము బయటకు వస్తుంది. నురగను నిలబెట్టేవి మాంసకృత్తులు. ఈ ఎంజైము తీరిగ్గా, ఏళ్ల తరబడి, వాటిని కొరికివేస్తుంది. అందుచేత పాత బీరుకు నురగ లేకపోవడం దోషం కాదు, వయసు. డెబ్బై ఏళ్ల మనిషికి జుట్టు పలచబడిందని ఎవరూ వైద్యుడి దగ్గరకు తీసుకుపోరు.

రంగు చూద్దాము. చింతపండు గిన్నె ఇప్పుడు ఎవరి దగ్గర ఉంది? పైకెత్తండి. కొత్త చింతపండు ఎర్రగా ఉంటుంది, రెండు మూడేళ్లకు ఇదిగో ఇలా నల్లబడుతుంది. ఎవరూ రంగు వేయలేదు. గాలి, కాలం, లోపలి చక్కెరలు, ఆమ్లాలు కలిసి చేసిన పని. బీరు కూడా ఇదే దారిన పోతుంది. ఆ 1996 ఏల్ దీపం ముందు పెడితే ముదురు తేనె రంగు, దీపం తీసివేస్తే పాత టేకు బల్ల రంగు. పక్కనే ఇటీవలి సంవత్సరానికి చెందిన అదే పేరు గల బీరును పోసి చూశాము. అది స్పష్టంగా లేతగా, రాగి చెంబు తోమినట్లు ఉంది. అయితే ఒక మాట నిజాయితీగా చెప్పాలి. పేరు ఒకటే గాని ఆ రెండూ ఒక కర్మాగారంలో తయారైనవి కావు. తేడా అంతా కాలానిదే అనడం న్యాయం కాదు.

ఇక ముక్కు. మొదట ఏ వాసన తగిలిందనుకుంటున్నారు? ఎండు ఖర్జూరం. ఆ వెంటనే కిస్మిస్, కొద్దిగా బెల్లం పాకం ముదిరినప్పటి వాసన. ఇవి పుస్తకాలన్నిటిలో ఉన్నవే. వాటి వెనక ఇంకొకటి ఉంది. చెక్క పెట్టెలో దాచిన తీపి పువ్వు వంటి వాసన, కొంచెం సారాయి, కొంచెం ఎండుద్రాక్ష. దానిని మా ఇంగ్లీషు మిత్రుడు షెర్రీ అన్నాడు. షెర్రీ అంటే స్పెయిన్‌లో కావాలని గాలి తగలనిచ్చి మాగబెట్టే ద్రాక్షసారా. ఆయనకు అది గుర్తుకు రావడం సహజం. నాకు షెర్రీ గుర్తుకు రాలేదు. నా చిన్నతనంలో సెలవులకు వెళ్లిన ఊళ్లో వసారాలో చాప మీద ఆరబోసిన ఇప్పపూలు గుర్తుకు వచ్చాయి. మూడవ గిన్నె చూసినవారు చెప్పండి, నేను అతిశయంగా చెబుతున్నానా? తల ఊపుతున్నారు. సంతోషం.

ఆ తరువాత జరిగినదే ఈ ప్రసంగానికి కారణం. గ్లాసులు పది నిమిషాలు అలా వదిలివేశాము. మళ్లీ ముక్కు దగ్గర పెట్టుకున్నప్పుడు ఖర్జూరం వెనక్కి జరిగి, దాని చోట మరేదో నిలబడింది. ఇంగ్లీషు మిత్రుడు తన చిన్న పుస్తకంలో కర్రీ పౌడర్ అని రాసుకుని, అక్కడ ప్రశ్నార్థకం పెట్టి, కాస్త మొహమాటంగా నా వైపు చూశాడు, నేను నొచ్చుకుంటానేమోనని. నేను నొచ్చుకోలేదు, దిద్దాను. కర్రీ పౌడర్ కాదు, అందులో ఒకే ఒక్క దినుసు. మెంతులు. ఆవకాయ జాడీ మూత తీసినప్పుడు కారానికి, ఆవపిండికి వెనక నిలబడి ఉండే ఆ తీపి చేదు వాసన. నా ముక్కు మోసం చేస్తోందేమోనని వంటింట్లోకి వెళ్లి మెంతుల డబ్బా తెచ్చి పక్కన పెట్టాను. నలుగురమూ అటొకసారి, ఇటొకసారి వాసన చూశాము. మోసం లేదు.

ఇది కవిత్వం కాదండీ, రసాయనశాస్త్రం. మెంతులకు వాటి వాసననిచ్చే ముఖ్య పదార్థం పేరు సోటోలోన్. లీటరులో కొన్ని మైక్రోగ్రాములు ఉన్నా మనిషి ముక్కు పట్టుకుంటుంది. కొద్దిగా ఉంటే ముదురు పాకంలా, చెట్టు నుంచి తీసే మేపుల్ పాకంలా తోస్తుంది, ఎక్కువైతే మెంతులే. మెంతులు బాగా తిన్నవారి చెమటలో వచ్చే వాసన కూడా దీనిదే, ఇళ్లలో పెద్దలు గమనించే ఉంటారు. ఇదే సోటోలోన్ షెర్రీలో ఉంది, ఫ్రాన్సులోని జూరా ప్రాంతపు పసుపు ద్రాక్షసారాలో ఉంది, జపానువారు ఏళ్లు దాచిన బియ్యపు సాకేలో ఉంది, మాగిన గట్టి బీర్లలోనూ ఉంది. అంటే లోకంలో ఇన్ని చోట్ల ఇంతమంది డబ్బు పోసి, ఏళ్లకేళ్లు కాపలా కాసి సంపాదించే ఆ వాసన, మన పోపుల పెట్టెలో రెండవ గిన్నెలో ఊరికే పడి ఉంది.

అందుకే అంటున్నాను, ఈ బీర్లను రుచి చూసే తెలుగువారు ఇంగ్లీషు పుస్తకాల మాటలు బట్టీ పెట్టి టాఫీ, ఫిగ్, షెర్రీ అని అప్పజెప్పడం చూస్తే నాకు జాలి వేస్తుంది. ఆ టాఫీ మీలో ఎంతమంది చిన్నప్పుడు తిన్నారు? వాసన జ్ఞాపకంలో నుంచి పలుకుతుంది. జ్ఞాపకంలో లేని మాట నోటికి వచ్చినా ముక్కుకు తెలియదు. నేను ఆ రోజు నుంచి నా పుస్తకంలో తెలుగులోనే రాసుకుంటున్నాను. పాత చింతపండు, ఇప్పపువ్వు, మెంతి, అడుగంటిన పాకం, కొత్త గోనెసంచి, పెరుగు మీది తేట. నా రాతలు ఇంగ్లీషువారి రాతలకన్నా గొప్పవి కావు; మూడేళ్ల తరువాత చదువుకున్నప్పుడు ఆ బీరు నాకు మళ్లీ కనిపిస్తుంది, అంతే.

నోట్లో ఎలా ఉంది? ముందు తీపి, కాని జిగురు లేని తీపి. గ్యాసు దాదాపు లేదు గనుక నాలుక మీద నూనెలా జారింది. చేదు కోసం వెతికాను. హాప్స్ చేదును ఇచ్చే పదార్థాలు ఏళ్లు గడిచేకొద్దీ విరిగిపోతాయి. అందుకే పాతికేళ్ల క్రితం పదునుగా ఉండి ఉండవలసిన చేదు ఇప్పుడు గొంతు చివర వగరుగా, నమిలిన వక్కలా మిగిలింది. చనిపోయిన ఈస్ట్ ఇచ్చే ఉప్పు రుచి కూడా ఉంది, చైనావారి సోయా సాస్‌ను తలపించేది. ఒక చుక్క అయితే లోతు, రెండు చుక్కలైతే లోపం. ఈ సీసాలో ఒకటిన్నర చుక్క ఉందనుకోండి.

మరి బాగుందా? అందరూ అడిగేది అదే. నలుగురిలో ఇద్దరికి చాలా నచ్చింది. ఒకరు రెండు గుటకలు వేసి, ఇది బీరు కాదు, దగ్గు మందు అని గ్లాసు పక్కన పెట్టి కొత్త సీసా వైపు వెళ్లారు. ఆయన తప్పు అనను. నా తీర్పు చెప్పమంటే, లేబులు మీద ఇచ్చిన పాతికేళ్ల మాట కాస్త ఎక్కువే. అదే బీరును దానికి పన్నెండేళ్లు ఉన్నప్పుడు ఒకసారి రుచి చూశాను. అప్పుడు ఖర్జూరమూ ఉంది, చేదూ ఉంది, ఒకదానినొకటి పట్టుకుని నిలబడ్డాయి. పాతికేళ్లకు చేదు చేయి వదిలివేసింది. ఆ సాయంత్రం నేను గౌరవంతో తాగాను; పన్నెండేళ్ల దానిని ఆనందంతో తాగాను. రెండూ ఒకటి కావు.

ఇంతకన్నా ముసలివి ఉన్నాయా అంటే ఉన్నాయి. బీరుకు పేరుపడ్డ బర్టన్ పట్టణంలో, 2006లో, బాస్ కర్మాగారపు నేలమాళిగల్లో ఎన్నో పాత సీసాలు బయటపడ్డాయి. వాటిలో 1869లో కాచిన రాట్‌క్లిఫ్ ఏల్ ఉంది, ఆ కర్మాగారం భాగస్వాముల కుటుంబంలో బిడ్డ పుట్టినందుకు కాచినది. 137 ఏళ్ల తరువాత తెరిచి రుచి చూసినవారు ఇంకా తాగదగ్గట్టుగానే ఉందని రాశారు. 1869 అంటే సూయజ్ కాలువ తెరిచిన ఏడు, మన గాంధీగారు పుట్టిన ఏడు. ఆయనను ఈ సభలోకి తీసుకురావడం మర్యాద కాదు గనుక ముందుకు సాగుతాను.

సూయజ్ అన్నాను కాబట్టి మనకు సంబంధించిన ఒక ముక్క. 18వ శతాబ్దం చివరలో లండన్ తూర్పున బో అనే చోట హాడ్జ్‌సన్ కర్మాగారం ఉండేది. అక్కడి అక్టోబరు బీరు, అంటే ఇళ్లలో ఏడాది రెండేళ్లు దాచుకోవడానికి కాచే గట్టి బీరు, ఈస్టిండియా కంపెనీ ఓడలెక్కి కలకత్తాకు, మద్రాసుకు వెళ్లేది. కాలువ లేని కాలం అది. ఆఫ్రికా కొస చుట్టి, భూమధ్యరేఖను రెండుసార్లు దాటి, ఆరు నెలల దాకా ప్రయాణం. మద్రాసులో అప్పటికి కట్టిన రేవు కూడా లేదు. ఓడలు దూరంగా లంగరు వేస్తే, తాళ్లతో కుట్టిన మసూలా పడవల్లో సరుకు అలలు దాటి ఒడ్డుకు చేరేది. నేలమాళిగలో తీరిగ్గా మాగవలసిన బీరు పీపాలో ఊగుతూ, వేడెక్కుతూ, చల్లబడుతూ త్వరగా మాగి దిగేది. అక్కడి ఇంగ్లీషువారికి అది తెగ నచ్చింది. ఇండియా పేల్ ఏల్ అని ఈనాడు దుకాణాల్లో చూస్తున్న పేరుకు మూలం అదే. విచిత్రమేమిటంటే, ఈనాటి ఐపీఏలను మాత్రం ఎవరూ దాచకూడదు. వాటి అందమంతా హాప్స్ పరిమళంలో ఉంది, ఆ పరిమళం నెలల్లో ఎగిరిపోతుంది. పేరులో ఇండియా ఉంది కదా అని అల్మారాలో పెట్టి మరచిపోకండి.

అటక మీది సీసా

ఓడ వేడికి మాగిన బీరు బాగుంటే, మా ఊరి వేడికి మాగితే ఎందుకు బాగుండదు? ఈ ప్రశ్న నాకూ కలిగింది. తగిన శాస్తి కూడా జరిగింది. ఒకే ఏడాదివి, ఒకే రకం గట్టి ఏల్ రెండు సీసాలు కొన్నాను. ఒకటి ఇక్కడ మెట్ల కింద చల్లని అరలో ఉంచాను. రెండవది సెలవులకు వెళ్లినప్పుడు హైదరాబాదులో మా ఇంటి అటక మీద, ఇత్తడి గుండిగల వెనక పెట్టి వచ్చాను. రెండు వేసవులు గడిచాయి. తెరిచి చూస్తే ఏముంది? నాలుగవ గిన్నె ఎవరి దగ్గర ఉంది? ఒక్కసారి వాసన చూడండి. అదే. తడిసిన అట్టపెట్టె. దాని వెంట పాడైన సోయా సాస్. మూలన ఎక్కడో కాస్త బెల్లం, అదీ చెమ్మగిల్లిన బెల్లం. మెట్ల కింద ఉన్న దాని తోబుట్టువు మాత్రం అప్పుడే నోరు విప్పుతున్న బీరులా హాయిగా ఉంది.

తడి అట్ట వాసనకు కారణమైన పదార్థాన్ని ట్రాన్స్ టూ నోనెనాల్ అంటారు. ప్రతి బీరులోనూ ఎంతో కొంత పుడుతుంది, వేడి దానిని తరుముకొస్తుంది. రసాయన చర్యలు పది డిగ్రీలు పెరిగితే రెండు మూడు రెట్లు వేగమవుతాయని బడిలో చదువుకున్నాము. అయితే అటక మీది రెండేళ్లు మెట్ల కింది పదేళ్లకు సమానమవుతాయా? కావు, ఎందుకంటే అన్ని చర్యలూ ఒకే రెట్టింపున వేగం పుంజుకోవు. కొన్ని పరుగెత్తుతాయి, కొన్ని నడుస్తాయి. పదేళ్ల బీరులో ఒక పాళ్లలో ఉండవలసినవి వేడిలో మరొక పాళ్లలో తేలుతాయి. కార్బైడ్ పెట్టి మాగబెట్టిన మామిడిపండును కోసి చూడండి. తొక్క పసుపుగానే ఉంటుంది, టెంక దగ్గర పులుపు అలాగే ఉంటుంది. నా అటక మీది బీరు కార్బైడ్ మామిడి. ఓడల మీది పీపాలకు వేడి తగిలినది నెలల పాటే, వేసవుల తరబడి కాదు.

కనుక ఇంటికి వెళ్లి సీసాలు దాచుకుందామనుకునే వారికి మూడు నాలుగు మాటలు. ఇక్కడైతే మెట్ల కింది అర, గ్యారేజీలో వేడి మారని మూల, అంతే చాలు. వెలుతురు తగలకూడదు, వెలుతురుకు హాప్స్ పదార్థాలు విరిగి ఒక రకమైన జంతువు కంపు పుడుతుంది, ఆకుపచ్చ సీసాల్లో ఇది ఇంకా త్వరగా జరుగుతుంది. ఒకటి కాకుండా మూడు కొనండి, ఏడాదికో రెండేళ్లకో ఒకటి తెరిస్తేనే మార్పు తెలుస్తుంది. మన రాష్ట్రాలలో ఇంట్లో ఉంచుకోదగిన మద్యానికి చట్టం పెట్టిన పరిమితి ఉంది, అది చూసుకోండి. ఏసీ గది లేకుండా అక్కడ దాచే ఆలోచనే వద్దు. పాత సీసాలు అమ్మేవారి దగ్గర కొనేటప్పుడు అది ఇన్నాళ్లూ ఎక్కడ ఉందని అడగండి. నేను ఒకసారి అడగకుండా కొన్నాను. అమ్మినవారి పేరు చెప్పను. దుకాణం అద్దాల్లో ఎండకు అలంకారంగా నిలబెట్టిన సీసా అని ఇంటికి వచ్చి మూత తీశాక తెలిసింది.

ఒక మిత్రుడు ముందే చీటీ పంపారు. బెల్జియంవారి పుల్లని బీర్లు కూడా ఏళ్లు నిలుస్తాయి కదా, వాటి మాటేమిటని. నిలుస్తాయి, కాని వాటి దారి వేరు. బ్రస్సెల్స్ చుట్టుపక్కల చేసే గూజ్ అనే పుల్లని బీరులో బ్రెట్టనోమైసిస్ అనే అడవి ఈస్ట్ సీసాలో ఏళ్ల తరబడి పని చేస్తూనే ఉంటుంది. అక్కడ కాపలావాడు చావడు, ఇల్లే ఆక్రమిస్తాడు. ఆ ఈస్ట్‌ను 1904లో కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో పని చేసిన క్లాసెన్ అనే శాస్త్రవేత్త గుర్తించి లోకానికి చెప్పాడు. ఆయన దానిని పట్టుకున్నది బెల్జియం బీరులో కాదు, నిలవ చేసిన ఇంగ్లీషు ఏల్‌లో. పేరుకు అర్థం కూడా బ్రిటిష్ శిలీంధ్రం. వాసన ఎద్దుల కొట్టంలా ఉంటుంది. దానిని ఇష్టపడేవారు ప్రాణం పెడతారు. ఆ సంగతి మరొక సాయంత్రం మాట్లాడుకుందాము.

ఇప్పుడు నిండు సీసా. ఇది ఫుల్లర్స్ వింటేజ్ ఏల్, 2010 నాటిది, 8.5 శాతం. లండన్‌లో చిజిక్ అనే చోట, థేమ్స్ నది ఒడ్డున గ్రిఫిన్ బ్రూవరీలో 1997 నుంచి ఏడాదికొకసారి చేస్తున్నారు. ఏయే మాల్ట్, ఏయే హాప్స్ అన్నది తరచు మారుస్తుంటారు. అందుచేత వరుసగా ఐదారు సంవత్సరాలవి పక్కపక్కన పెట్టి చూస్తే ఏది వయసు తెచ్చిన తేడా, ఏది దినుసులు తెచ్చిన తేడా అన్నది తేల్చడం కష్టం. కాచినవారు కూడా వాదించుకునే విషయమది. మనం ఈ రాత్రి ఒక్కదానితోనే సరిపెట్టుకుంటున్నాము గనుక ఆ వాదన లేదు.

సీసా నిన్న ఉదయం నుంచి నిలబడే ఉంది. అర లీటరు, కావలసినవారు పన్నెండు మంది చేతులెత్తారు, తలా రెండు గుటకలు వస్తాయి. మిగిలినవారికి గ్లాసు వాసన చూడడానికి అందిస్తాను. పోసిన వెంటనే నోట్లో పెట్టుకోకండి, అరచేతిలో గ్లాసు పట్టుకుని పది నిమిషాలు ఆగండి. వాసన చూసినప్పుడు తోచిన మొదటి మాట తెలుగులో కాగితం మీద రాసుకోండి, పక్కవారి కాగితం చూడకండి. నాకు తోచినది నేను చివర చెబుతాను, ముందే చెబితే మీ ముక్కులు నా ముక్కు వెనక నడుస్తాయి. మెంతుల గిన్నె ఎక్కడి దాకా వెళ్లింది? మూత పెట్టి బయట ఉంచండి, లేకపోతే గది అంతా అదే అయి మనలను మనమే మోసం చేసుకుంటాము. అన్నయ్యా, ఆ లైటు కాస్త ఇటు తిప్పండి. మూత తీస్తున్నాను, వినండి.